చత్వారం వచ్చాక క్రాస్ స్టిచ్: భూతద్దం కంటే ముందు టేపు

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. టీచరుగా రిటైరయ్యాను. పెళ్లికి ముందు క్రాస్ స్టిచ్ బాగా కుట్టేదాన్ని. అప్పటి చిలకల జంట ఇప్పటికీ హాల్లో వేలాడుతోంది. మళ్లీ మొదలుపెడితే మ్యాటీ క్లాత్ గళ్లు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. మా అమ్మాయి లైటున్న భూతద్దం కొనిచ్చింది. దాంతో అరగంట కుడితే తలనొప్పి. రాత్రిళ్లు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతున్నాయి. ఎనిమిదేళ్లుగా షుగరుంది. మానేయమంటారా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మానేయక్కర్లేదమ్మా. భూతద్దం పక్కన పెట్టి ముందు టేపు తీయండి. ఎప్పుడూ కుట్టేటట్టే కూర్చుని, కంటి నుంచి గుడ్డ దాకా ఎంత దూరముందో ఇంట్లో ఎవరితోనైనా కొలిపించండి. చదువుకునే అద్దాలు మామూలుగా 40 సెంటీమీటర్ల లెక్కన ఇస్తారు. కుట్టేటప్పుడు చాలామంది 30 దాకా వంగిపోతారు. ఆ కాస్త తేడాకే 0.75 పైగా పవరు ఎక్కువ కావాలి. చత్వారం వచ్చిన కన్ను దాన్ని సొంతంగా సర్దుకోలేదు. పవరు చాలని అద్దాల మీద భూతద్దం పెట్టి, తల కదపకుండా కూర్చుంటే తలనొప్పి రాక మానదు.

కంటి పరీక్షకు ఆ కొలతతో పాటు సగం కుట్టిన గుడ్డ కూడా తీసుకెళ్లండి. కుట్టుకు విడిగా ఒక జత రాయించుకోండి. దూరపుచూపు, దగ్గరిచూపు ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరిచూపు భాగం కింద ఇరుగ్గా ఉంటుంది, గడ్డం ఎత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది. దీపాలకీ స్టాండ్లకీ వేలు పోసేవాళ్లు రెండో జత అద్దాలంటే వెనకాడతారెందుకో! ఒక్క మాట, షుగరు ఎగుడుదిగుడుగా ఉంటే పవరు కూడా మారుతుంది. అదుపులో ఉన్నప్పుడే చూపించుకోండి. చుక్కల మందు వేసి రెటీనా పరీక్ష ఏడాదికోసారి తప్పదు, శుక్లాలుంటే అప్పుడే తెలుస్తాయి. మన ఊళ్లో రుయా ఆస్పత్రి ఉంది, అరవింద్ కంటి ఆస్పత్రి ఉంది. చుక్కల మందు వేసిన రోజు మాత్రం స్కూటర్ నడపొద్దు.

ఇక గుడ్డ. స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని గళ్లో లెక్కపెట్టండి. 14 ఉంటే 11 గళ్లదానికి మారండి. 140 కుట్ల బొమ్మ 10 అంగుళాల నుంచి దాదాపు 13 అంగుళాలవుతుంది కాబట్టి ఫ్రేము పెద్దది కావాలి. దారం రెండు పోగులకు బదులు మూడు, సూది 24 నంబరుకు బదులు 22. మొన మొద్దుగా ఉండే సూదే తీసుకోండి. వేళ్లు తిమ్మిరెక్కేవాళ్లకు, అందులోనూ షుగరున్నవాళ్లకు, గుచ్చుకోకపోవడమే మేలు. దారం ఎక్కించే చిన్న తీగ టైలరింగ్ సామాన్ల కొట్లో దొరుకుతుంది. నల్ల గుడ్డ మీద కుడుతుంటే ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకోండి, కన్నాలు తేటగా కనిపిస్తాయి. కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమవైపు నుంచి రావాలి.

తిమ్మిరిని మాత్రం వయసు మీదికి నెట్టేయకండి. మీరు చెప్పిన వేళ్లను బట్టి మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుంటోందేమోనని నా అనుమానం. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. మణికట్టు వంచి వేళ్లు బిగపట్టి కుట్టేకొద్దీ బాధ పెరుగుతుంది. ఫ్రేమును స్టాండుకు బిగించండి, లేదా బల్ల అంచుకు ఆనించండి. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుని పడుకోండి. మూడు నాలుగు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, చేతిలోవి జారిపోతున్నా అన్నాళ్లు ఆగొద్దు. పాదాల్లోనూ తిమ్మిరి ఉండి, షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష కూడా అడగండి.

ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా చూడండి. మేడ మీద కూర్చుంటే కొండలు ఎలాగూ కనిపిస్తాయి. కంటి ముందు ఉన్నట్టుండి నల్లచుక్కలు రాలినా, తెర జారినట్టున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

కొత్త అద్దాలు కుదిరాక, సన్నని అవుట్‌లైన్ కుట్లకు అమ్మాయి ఇచ్చిన భూతద్దం బయటికి తీయండి. పని అయ్యాక దానిమీద గుడ్డ కప్పడం మరవొద్దు. కప్పకుండా వదిలేస్తే కిటికీ ఎండ అద్దంలోంచి పడి కుట్టే బట్టకు నిప్పంటుకోవచ్చు.