రెండు రూపాయల మిత్తికి తెచ్చి ఫైబర్ వేయకండి

ప్రశ్న: కాజీపేటలో నాకు 260 టీవీ కేబుల్ కనెక్షన్లు ఉన్నయి. ఏడాదికేడాది తగ్గుతున్నయి. అన్నీ పోను నెలకు 38 వేలు మిగుల్తయి. చిట్టి కిస్తీతో కలిపి ఇంటి ఖర్చు 27 వేలు. బ్యాంకులో 40 వేలున్నయి. ఫైబర్ ఇంటర్నెట్ వేద్దామనుకుంటున్న. కనెక్షన్‌కు నెలకు 150 నాకు మిగులుతది. 5 లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి దొరుకుతున్నయి, మిగతాది చిట్టి ఎత్తుకుంట. 2003లో డయలప్ పోయి కేబుల్ నెట్ వచ్చినప్పుడు పైసలు లేక వెనుకపడ్డ. ఈసారి వదులుకోవద్దనుకుంటున్న.

జవాబు: తీగ, డబ్బాలు, కూలీ లెక్కేసి ఖర్చు ఇంతేననుకోవడం చిన్న వ్యాపారుల్లో తరచూ కనిపించే పొరపాటు. ఆగకుండా ప్రతినెలా పోయే ఖర్చునూ, దాన్ని మోయడానికి పక్కన ఉంచాల్సిన డబ్బునూ లెక్కలోకి తీసుకోరు. మీ దగ్గరున్న 40 వేలు మీ ఇంటికే నెలన్నర సరిపోవు.

2003 సంగతే ముందు చూద్దాం, మీ ఆలోచనంతా దానిమీదే ఉంది కాబట్టి. ప్రభుత్వ సంస్థ విఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న మొదలుపెట్టిన డయలప్, అంటే ఫోన్ లైన్ మీద నడిచే నెట్, నెమ్మదే. తర్వాత వచ్చిన 56 కేబీపీఎస్ మోడెం పెట్టినా ఒక ఎంబీ దిగడానికి మూడు నిమిషాలు పట్టేది. నెట్ నడిచినంతసేపూ ఫోన్ ఎంగేజ్, పైగా వాడిన సమయాన్ని బట్టి పడే పల్సుల బిల్లు. కానీ వాడకపోతే ఆ బిల్లు పడదు. గిరాకీ లేని నెలలో ఖర్చు దానంతటదే తగ్గేది. కేబుల్ నెట్‌లో ఇది తిరగబడింది. పైనుంచి తీసుకున్న లైన్ అద్దె పది ఇళ్లున్నా నలభై ఇళ్లున్నా అంతే.

టీవీ కేబుల్ మీద సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్లు దాన్ని ఇళ్లవైపు మాత్రమే పంపేవి. ఇంటినుంచి వెనక్కి రావాలంటే వాటిని మార్చాలి. అంత పెట్టుబడి లేని చిన్న ఆపరేటర్లు డాబాల మీదుగా కంప్యూటర్లను కలిపే లాన్ వైరు లాగారు. అది వంద మీటర్లు దాటితే పనిచేయదు, మధ్యలో నెట్‌ను ఇళ్లకు పంచే స్విచ్ డబ్బా పెట్టాలి. ఆ స్విచ్‌కు ఎవరింటి కరెంటో వాడాలి. వాళ్లు ఊరెళ్తూ మెయిన్ కట్టేస్తే అవతలి ఇళ్లన్నీ బంద్. ఎండాకాలం చివర ఉరుములొస్తే స్విచ్ పోర్టులూ, కస్టమర్ల కంప్యూటర్లలో లాన్ కార్డులూ కాలేవి. ఆ నష్టం ఆపరేటర్ మీదే పడేది. ఒకే సన్నని లైన్‌ను అందరూ పంచుకోవడంతో సాయంత్రం స్పీడు డయలప్ స్థాయికి పడిపోయేది.

అంతలో 2004 అక్టోబరులో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం తెచ్చి కనీస వేగం 256 కేబీపీఎస్ అంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ వారి బ్రాడ్‌బ్యాండ్ సేవ డేటావన్ వచ్చింది. ఇంట్లో ఉన్న ఫోన్ తీగ మీదే నెట్, ఫోనూ ఎంగేజ్ కాదు. సొంత డబ్బుతో కేబుల్ వేసినవాళ్లకు రేటు తగ్గించుకొని నిలబడే వీలుండింది. మిత్తి కడుతున్నవాళ్లకు అది లేదు. స్విచ్ కాలిపోయినా అప్పు మిగిలే ఉంటుంది. ఆనాడు మీరు వెనుకపడలేదు, బయటపడ్డారు.

ఇప్పుడు పోటీకి తీగ కూడా అక్కర్లేదు. 2023 నుంచి పెద్ద కంపెనీలు 5జీ మీద ఎయిర్‌ఫైబర్ ఇస్తున్నాయి. మీ ఫైబరేమో స్తంభాల మీద వేలాడుతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున కత్తిరించారు. విద్యుత్ సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క మీటరు కూడా లాగకండి. సిగ్నల్‌కూ హద్దుంది. ఫైబర్‌లోకి వెలుతురు పంపే ఓఎల్‌టీ అనే పరికరంలోని ఒక పోర్టును 1:8, అంటే ఒకటిని ఎనిమిదిగా చీల్చే స్ప్లిటర్లతో రెండుసార్లు చీలిస్తే 64 ఇళ్లు. ఒక్కో స్ప్లిటర్ దగ్గర సిగ్నల్ బలంలో పదిన్నర డెసిబెల్స్ పోతాయి, రెండింటికి 21. పోర్టులో పెట్టే మామూలు బీప్లస్ మాడ్యూల్ తట్టుకునే మొత్తం నష్టం 28. మిగిలిన ఏడులోనే తీగ, కనెక్టర్లు, ప్రతి తెగుడుకూ పడే అతుకూ సరిపోవాలి. ఫైబర్‌ను కరిగించి అతికే సరైన స్ప్లైసింగ్ మిషన్ లేకుండా అతికిస్తూ పోతే ఏడాది తిరిగేసరికి చివరి ఇళ్లలో సిగ్నల్ లేదని ఎర్ర లైటు వెలుగుతుంది.

ఇక అప్పు. 5 లక్షలకు రెండు రూపాయలంటే నెలకు 10 వేలు, ఏడాదికి లక్షా 20 వేలు, అసలు అంగుళం కదలదు. మీరు చెప్పిన 150 లెక్కన ఒక పోర్టు మొత్తం 64 ఇళ్లతో నిండినా వచ్చేది 9,600. మిత్తికే చాలదు. ఇప్పుడు మీకు నెలకు మిగిలే 11 వేలలో 10 వేలు అటే పోతే, ఒక్క నెల వసూళ్లు ఆగినా గిరిగిరి వాళ్ల దగ్గరికే వెళ్తారు. 9 వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేసే ఆ అప్పు ఏడాదికి 80 శాతం దాకా పడుతుంది. దయచేసి ఆ గడప తొక్కకండి. చిట్టిని కూడా అవసరంలేని తొందరలో పాట పాడి ఎత్తకండి.

ముందు అత్యవసర నిధి. ఇంటికి ఆరు నెలలు, అంటే లక్షా 62 వేలు. దీనికి తోడు లైన్‌మన్ జీతం, పైనుంచి తీసుకునే నెట్ (బ్యాండ్‌విడ్త్), స్తంభాల అద్దె, కరెంటు కలిపి మూడు నెలల వ్యాపార ఖర్చు వేరే ఖాతాలో. ఇంటి డబ్బూ వ్యాపారం డబ్బూ కలపొద్దు. కలిపితే తెగిన తీగకు పిల్లల ఫీజు పోతుంది. నెలకు మిగిలే 11 వేలలో 10 వేలు అటు వేస్తే, ఉన్న 40 వేలతో కలిపి ఇంటి వాటా ఏడాదికల్లా దాదాపు పూర్తవుతుంది. చిట్టి గడువుకు ముట్టినప్పుడు ఆ డబ్బు వ్యాపార వాటాకు వేయండి. ఈ రెండూ నిండే వరకు ఓఎల్‌టీ ధరలు అడగనక్కర్లేదు.

బీమా గురించి మీరు ఏమీ రాయలేదు, అంటే లేదనే అనుకుంటున్నాను. టర్మ్ జీవిత బీమా, కుటుంబ ఆరోగ్య బీమా రెండూ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. స్తంభాలెక్కేది మీరైనా మీ కుర్రాడైనా ప్రమాద బీమా తప్పనిసరి.

నిధి నిండాక కూడా అప్పు కావాలంటే బ్యాంకులో ముద్ర రుణం అడగండి, అందులో తరుణ్ అనే విభాగం కింద 10 లక్షల దాకా పూచీ లేకుండా ఇస్తారు. లైసెన్సున్న కంపెనీకి ఫ్రాంచైజీగా, ఒకే ఒక్క పోర్టుతో, మీ పాత కస్టమర్లు దగ్గరదగ్గరగా ఉన్న రెండు వీధుల్లో మొదలుపెట్టండి. ముందే అడ్వాన్సు ఇచ్చిన ఇళ్లు 30 దాటాకే తీగ కొనండి.