కోపెపాడ్ డబ్బా రెండు వారాలకే ఖాళీ అవుతుంటే

ఉప్పునీళ్ల డబ్బాలో పెంచుతున్న కోపెపాడ్‌లు (చేపలకు మేతగా వేసే, రొయ్యల కోవకు చెందిన చిన్న జీవులు) రెండు వారాలకే చచ్చిపోతున్నాయని అడిగారు. మీ మహబూబ్‌నగర్ ఎండకు నీళ్లు ఆవిరై ఉప్పు పెరిగిపోయింది, ఎక్కువగా అదే కారణం. తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోస్తున్నానని రాశారు కదా, దెబ్బ అక్కడే పడింది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పంతా డబ్బాలోనే ఉంటుంది.

1. డబ్బా మీద మార్కర్‌తో గీత గీయండి. రోజూ ఆ గీత దాకా ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోయండి. బోరు నీళ్లు అసలే వద్దు.

2. రిఫ్రాక్టోమీటర్‌లో (నీళ్లలో ఉప్పు కొలిచే పరికరం) సాంద్రత అంకె 1.026 దాటి ఉంటే ఒక్కసారే దించొద్దు. రోజుకు 0.001 చాలు, చివరికి 1.024 దగ్గర ఆపండి.

3. ఫైటోప్లాంక్టన్ (వాటికి మేతగా పోసే సూక్ష్మ నాచు) నీళ్లకు లేత పచ్చరంగు వచ్చేంతే పోయండి. నీళ్లు తేటపడ్డాకే మళ్లీ పోయాలి. చిక్కగా పోస్తే కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది.

4. ఎయిర్ స్టోన్ (గాలి పైపు చివర సన్న బుడగలు వదిలే రాయి) తీసేయండి. ఉత్త పైపుతో సెకనుకు ఒకటి రెండు పెద్ద బుడగలు చాలు.

మీ కోపెపాడ్‌లు టిస్బే అనే రకమైతే డబ్బాను చల్లటి గదిలో నేల మీద పెట్టండి.