పాత ఇత్తడి షెల్స్ సైజు చేయడం గురించి అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి పడుకునేముందు మూడుసార్లు చూశాను. ఎస్టేట్ సేల్‌లో (ఇంటి పాత సామాను అమ్మకంలో) ఆ డబుల్ బ్యారెల్ తుపాకీతో పాటు ఒక బిస్కెట్ల డబ్బా నిండా 12 గేజ్ (బ్యారెల్ లావు కొలత) ఇత్తడి షెల్స్, అంటే తూటా గొట్టాలు, కూడా దొరికాయని, వాటిల్లో సగం తుపాకీలో పూర్తిగా దిగట్లేదని, వాటిని నొక్కి సరైన లావుకి తేవడానికి, అంటే సైజు చేయడానికి, ఏ డై (ఉక్కు అచ్చు) కొనాలి మావయ్యా అని అడిగావు. డై సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా ఈ టెక్సస్ గరాజ్‌లో ఈ పని చేస్తున్నాను కదా, షెల్స్ పాడైపోయేది డై సరిగ్గా లేక కాదు, అవసరం లేనివాటిని కూడా డైలోకి తోయడం వల్ల.

ముందు తుపాకీ సంగతి. దాన్ని ఒక మంచి గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించే వరకు నువ్వు ఏదీ సైజు చేయొద్దు. పాత తుపాకుల్లో చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే అర) పొడవు ఇప్పటిలా 2¾ అంగుళాలు ఉండాలని లేదు, ఇంగ్లీషువాళ్ల పాత 12 గేజ్‌లు చాలావరకు 2½ ఉంటాయి, నీ షెల్ దిగకపోవడానికి లావు కాదు పొడవు కారణం అయ్యుండొచ్చు, అప్పుడు ఎన్ని డైలు కొన్నా లాభం లేదు. బ్యారెల్ మీద మెలికలు మెలికలుగా గీతలు కనిపిస్తే అది డమాస్కస్, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన పాతకాలం బ్యారెల్, దాన్ని గోడకి తగిలించుకో, పేల్చకు.

చట్టం సంగతి కూడా ఒక మాట. నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి సరే, కానీ నీ రూమ్మేట్ హెచ్1బి మీద ఉన్నాడన్నావు, వాళ్లకి హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, అందుకని నీ సామాను తాళం వేసి పెట్టు, అతన్ని ఇరికించకు. సొంతానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే మాత్రం కావాలి. ఇక మనూళ్లో తాతగారి తుపాకీకి కూడా ఇలాగే చేసి పంపిద్దాం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానెయ్. అక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.

ఇప్పుడు డబ్బా బల్ల మీద బోర్లించు. లోపల ఇంకా మందు, గుళ్లు ఉన్నవి కనిపిస్తే విప్పకు, పేల్చకు, పక్కన పెట్టి లోకల్ పోలీసులకి ఫోన్ చేసి ఎలా అప్పగించాలో అడుగు. ఖాళీ వాటిల్లో కూడా అడుగున ప్రైమర్ (దెబ్బ తగలగానే మందుని అంటించే చిన్న బిళ్ల) మీద గుంట పడిందా లేదా చూడు, గుంట లేకపోతే అది ఇంకా బతికున్నట్టే లెక్క, దాన్ని సుత్తితో ముట్టుకోకు. తర్వాత టార్చి లోపలికి వేసి చూడు, మధ్యలో ఒకే చిల్లు ఉంటే బాక్సర్, రెండు సన్న చిల్లులు ఉంటే బెర్డాన్, ఇవి ప్రైమర్ పట్టే పద్ధతుల పేర్లు. బెర్డాన్ వాటికి ఇప్పుడు ప్రైమర్లు దొరకడం కష్టం, వాటి మీద టైం పెట్టకు.

మూతి దగ్గర గోరు పెట్టి చుట్టూ తిప్పు. కంటికి కనపడని చీలిక గోరుకి తగులుతుంది. అడుగు భాగం పైన చుట్టూ తెల్లగా ఒక గీత మెరుస్తుంటే అక్కడ లోహం పలచబడిందని, అది చెత్తబుట్టకే. చాలా పాత ప్రైమర్లలో పాదరసం ఉండేది, అది ఇత్తడిలోకి దిగి దాన్ని అప్పడంలా పెళుసు చేస్తుంది, పైకి మాత్రం కొత్త చెంబులా మెరుస్తూనే ఉంటుంది. ఏ కాలందో, ఏం పేల్చారో తెలియని షెల్ ఎంత అందంగా ఉన్నా నేనైతే వాడను.

కడగడానికి వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, కొంచెం సిట్రిక్ యాసిడ్ చాలు. మీ అమ్మ ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు కూడా పనిచేస్తుంది, కానీ నానబెట్టి మర్చిపోకు, ఇత్తడి గులాబీ రంగుకి తిరిగిందంటే జింకు బయటికి పోయి రాగి మిగిలినట్టు. అమోనియా ఉన్న పాలిష్ మాత్రం ఇంట్లోకే రానివ్వకు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాలు ఎవరూ ముట్టుకోకుండానే నిలువునా చీలిపోయేవి, ఎందుకో చాలాకాలం తేలలేదు, చివరికి 1921లో తేలిందేంటంటే గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, సాగదీసిన ఇత్తడిలో ఉండిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి చీల్చేశాయని. నువ్వు కూడా సైజు చేసి ఇత్తడిలోకి బిగువే ఎక్కిస్తున్నావు కాబట్టి ఇది బాగా గుర్తుంచుకో. ఇంకోటి, ఆ కడిగిన నీళ్లలో సీసం ఉంటుంది, వంటింట్లో గిన్నెలు వాడకు, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లని ఎత్తుకో.

ఇప్పుడు అసలు పరీక్ష. బ్యారెల్స్ విప్పి నిలువుగా పట్టుకుని ఖాళీ షెల్ వదులు. టక్కుమని రిమ్ (అడుగున ఉండే వెడల్పు అంచు) దాకా దిగి, తిరగేస్తే దానంతటదే జారిందంటే దాన్ని సైజు చేయకు! నీ తుపాకీలో పేల్చిన షెల్ నీ చాంబర్ ఆకారానికే సాగి ఉంటుంది, దాన్ని మళ్లీ నొక్కితే మళ్లీ సాగాలి, ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది, కొన్నాళ్లకి మూతి చీలుతుంది. వేరేవాళ్ల తుపాకీలో పేలినవి, దిగనివి, అవే డైకి.

చిన్నప్పుడు మా తణుకు పక్కన అజ్జరంలో కంచరివాళ్ల దగ్గర గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. బిందె కొడుతూ కొడుతూ ఉంటే సుత్తి శబ్దం మారేది, ఖణేల్‌మని మోగేది, వెంటనే కొట్టడం ఆపి కొలిమిలో పెట్టేవాడు, తీసి చల్లారాక మళ్లీ మెత్తటి శబ్దం. నీ షెల్‌కి చేయాల్సింది కూడా అదే, కాకపోతే మూతి వరకే. ఒక పళ్లెంలో షెల్‌ని నిలబెట్టి సగం పైగా మునిగేలా నీళ్లు పొయ్యి, గది చీకటి చెయ్యి, ప్రొపేన్ టార్చి మంట మూతి మీద ఆడించు, ఒకేచోట ఆపకు. మెరుపు పోయి నీలం గోధుమ కలిసిన నీడ లాంటి రంగు కిందకి పాకుతుంది, అంతే, పటకారతో నీళ్లలోకి పడేయ్. ఎర్రబడే దాకా ఆగకు, అప్పటికే ఎక్కువైపోయినట్టు. అడుగు భాగం ఎప్పటికీ వేడెక్కకూడదు, ఒత్తిడంతా ఆపేది అదే, అది మెత్తబడితే షెల్ నీ మొహం దగ్గర విచ్చుకుంటుంది. అనుమానం వస్తే పారేయ్, ఒక్క షెల్ ఎంతని!

డై సంగతికి వస్తే, రైఫిల్ ప్రెస్‌లో (డై బిగించి షెల్‌ని దాన్లోకి నొక్కే యంత్రంలో) డై బిగించే 7/8 అంగుళం మర 12 గేజ్‌కి చాలదు, పెద్ద మర ఉన్న ప్రెస్ కావాలి, లేదా రింగ్ డై పెట్టుకుని ఆర్బర్ ప్రెస్‌తో (చేతి లీవరుతో నొక్కేదానితో) నెట్టాలి. అడుగు మాత్రమే ఉబ్బితే మెక్ అనే కంపెనీ వాళ్ల కోలెట్ సైజర్ చాలు, అది ప్లాస్టిక్ షెల్స్ ఇత్తడి అడుగుని నొక్కడానికి చేసినది, నీ షెల్‌కి సరిపోతుందో ఒకదానితో చూసుకో. పాత ప్రైమర్ ముందే తీసెయ్. లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) వేళ్లకి రాసుకుని షెల్‌ని ఆ వేళ్లతో తిప్పు, అంత పల్చగా చాలు. ఎక్కువైతే ఇత్తడి మీద సొట్టలు పడతాయి, తక్కువైతే ఇరుక్కుంటుంది. నాకు మొదటి ఏడాదే ఇరుక్కుంది, తొందరపడి లోపల ఇనుప రాడ్ పెట్టి సుత్తితో బలంగా కొట్టాను, అడుగు ఊడి బెంచీ కింద పడింది, గోడలు డైలోనే గొట్టంలా ఉండిపోయాయి, దాన్ని కోసి తీయడానికి ఒక ఆదివారం పోయింది, డై లోపల గీత పడి తర్వాత చేసిన ప్రతి షెల్ మీదా ఆ గీత కనిపించేది. అందుకే కొంచెం నెట్టు, వెనక్కి తియ్యి, మళ్లీ నెట్టు. చేతికి బిగుతు తెలిసిన దగ్గర ఆగు. లోపలి నుంచి తోయాల్సి వస్తే చెక్క కడ్డీతోనే.

అయ్యాక నూనె మొత్తం తుడిచెయ్, లోపలా బయటా. చాంబర్‌లో జిడ్డు ఉంటే షెల్ గోడని పట్టుకోలేక తుపాకీ వెనక భాగం మీదకే తోస్తుంది, లోపల జిడ్డు ఉంటే ప్రైమర్, మందు చెడిపోతాయి. మూతి అంచు నునుపు చేసి మళ్లీ బ్యారెల్‌లో వదిలి చూడు.

మందు ఎంత వేయాలి అని కూడా అడిగావు. అది నేను ఉత్తరంలో రాయను. ఇత్తడి షెల్ గోడలు పలచన, లోపల చోటు ఎక్కువ, 12 గేజ్ వాడ్ (మందుకీ గుళ్లకీ మధ్య పెట్టే బిళ్ల) లోపల వదులుగా ఆడుతుంది, అందుకే చాలామంది దానికంటే కొంచెం లావైన 11 గేజ్ వాడ్ వాడతారు. ప్లాస్టిక్ షెల్‌కి రాసిన లెక్క దీనికి పనికిరాదు. ఇత్తడి షెల్ కోసమే రాసిన మాన్యువల్ కొనుక్కో, అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్, ఒక్క గ్రెయిన్ (మందు తూచే చిన్న కొలత) కూడా సొంతంగా మార్చకు.

థ్యాంక్స్‌గివింగ్‌కి వస్తున్నావు కదా, బ్యారెల్స్ విప్పి కేసులో పెట్టి తీసుకురా, దిగని షెల్స్ ఒక నాలుగు కూడా. నా దగ్గర క్యాలిపర్ (లావు కొలిచే పనిముట్టు) ఉంది, కలిసి కొలుద్దాం. అంతవరకు ఏ షెల్‌నీ డైలో పెట్టకు. అత్త నీకోసం పూతరేకులు తెప్పించింది.

మీ మావయ్య