కాంబోడియా అనాథాశ్రమంలో ఆర్ట్ క్లాసులు: డబ్బు కట్టే ముందు ఒకసారి ఆగండి

రెండు వారాలు కాంబోడియా వెళ్లి అనాథాశ్రమం పిల్లలకి లినోకట్ (లినో షీటు మీద ఉలితో బొమ్మ చెక్కి, రంగు పూసి కాగితం మీద అచ్చు వేయడం) నేర్పుదామనుకుంటున్నా, ఏజెన్సీ వాళ్లు ఫీజు తప్ప ఇంకేం అడగట్లేదు, కట్టేయనా అన్నారు కదా. కట్టకండి ప్లీజ్. పోలీస్ క్లియరెన్స్ కూడా అడగకుండా మిమ్మల్ని పిల్లల మధ్యకి పంపేవాళ్లు రేపు ఇంకెవర్నైనా అలాగే పంపుతారు. పైగా అక్కడి ఆశ్రమాల్లో పిల్లలు చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని, 2011లో ప్రభుత్వం యూనిసెఫ్‌తో కలిసి చేసిన స్టడీలోనే బయటపడింది, విదేశీయులిచ్చే డబ్బు కోసమే తెరిచినవి కూడా ఉన్నాయి, తలుచుకుంటేనే బాధేస్తుంది.

పిల్లలు ఇంట్లోనే ఉంటూ వచ్చి నేర్చుకునే చోటు వెతకండి. కాంబోడియాలోనే బట్టంబాంగ్ అనే ఊళ్లో ఫార్ పొన్లూ సెల్పాక్ అని ఒక కళల స్కూలు ఉంది, శరణార్థి శిబిరంలో బొమ్మలు నేర్చుకున్న కుర్రాళ్లు తిరిగొచ్చి 1994లో పెట్టారు, డ్రాయింగ్, సంగీతం, సర్కస్ నేర్పుతారు. వాళ్లకి మెయిల్ పెట్టి మీతో ఏం అవసరం ఉందో అడగండి. రెండు వారాలకి పిల్లల క్లాసు కాకుండా అక్కడి టీచర్లకి నేర్పుతానని మీరే చెప్పండి, లినో షీటు మీద ఉలి ఎప్పుడూ షీటు పట్టుకున్న చేతికి అవతలివైపే నడపాలి లాంటివి వాళ్లకి వస్తే మీరు వచ్చేశాక కూడా క్లాసు ఆగదు. ఇంకోటి, పిల్లల ఫొటోలు మాత్రం ఎక్కడా పెట్టొద్దండి.