అమ్మానాన్నలతో బుడాపెస్ట్ రూయిన్ బార్: ఆదివారం పొద్దున వెళ్లండి

మిర్యాలగూడ నుంచి వచ్చిన అమ్మానాన్నలతో శుక్రవారం రాత్రి సింప్లా కెర్ట్ అనే రూయిన్ బార్‌కి (పాడుబడ్డ పాత భవనంలో నడిపే బార్) వెళ్తే, క్యూ, మోత చూసి వాళ్లు గేటు దగ్గరే వెనక్కి తిరిగారని ఒకరు రాశారు. టైమే తేడా కొట్టింది. ఆ గంటలో పెద్దవాళ్లెవరైనా అంతే.

1. ఆదివారం పొద్దున వెళ్లండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ పూట ఆ బార్ ఆవరణలోనే రైతుబజారు నడుస్తుంది. చీజ్, తేనె, రొట్టెలు, కూరగాయలు, ఊరి నుంచి తెచ్చి అమ్మేవాళ్లు. అంతా చేతి సంచులతో వచ్చే జనం. మందు ముట్టనక్కర్లేదు, కాఫీ తాగి కూర్చోవచ్చు. ఆ వారం బజారు ఉందో లేదో ముందురోజే వాళ్ల సైట్‌లో చూసుకోండి.

2. లోపల తొందరపడొద్దు. 2002లో మొదలైన ఈ బార్, తర్వాత కాజింట్సి వీధిలోని ఈ పాడుబడ్డ భవనంలోకి మారింది. పైకప్పు పోయిన గడీ నడి వాకిట్లో నిలబడ్డట్టుంటుంది. పక్కకు కోసి సోఫాగా మార్చిన స్నానాల తొట్టి, వాకిట్లో పాత ట్రబాంట్ కారు తప్పక చూపించండి. మా అమ్మ ఆ కారులో కూర్చుని అరగంట లేవలేదు.

3. అక్కడ యూరోలు కాదు, ఫోరింట్లు. కాస్త చిల్లర ఉంచుకోండి.