గెనిమలో బొరియ ఎవరిది?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు. బుడ్డల (వేరుశనగ) చేను పక్కన రాళ్ళ గెనిమ (పొలం గట్టు) కింద జానెడు వెడల్పున బొరియ పడింది. పదడుగుల దూరంలో ఇంకో రెండు ఉన్నాయి. గుంటనక్కదా, ఏదుపందిదా? పొగబెట్టి పూడ్చేయమంటున్నారు. ఏం చేయాలి? (ఒక రైతు)

జవాబు: పొగ మాత్రం పెట్టకండి. అది గుంటనక్క బొరియ కావచ్చు. ఊళపెట్టే పెద్ద నక్క వేరు. ఇది మూడు కిలోలకు అటూ ఇటూ తూగే సన్నటి జంతువు, తోక కొస నల్లగా ఉంటుంది. దట్టమైన అడవి దీనికి పడదు. పొట్టి గడ్డి బీళ్ళు, గెనిమలు, రేగుపొదల మొదళ్ళు, నాలుగు దిక్కులూ కనబడే చోటు కావాలి. రొళ్ళపాడు గడ్డిభూముల్లో ఉండేది ఇదే. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, బొరియ నిలవడం కష్టం. గరుసు కలిసిన ఎర్రనేల దీనికి అనువు. రెండు మూడడుగుల లోతున గది ఉంటుంది, దానికి చాలా దారులు. కొన్ని దారులు మధ్యలోనే ఆగిపోతాయి.

ఏదుపందిదైతే మూతి ఇంకా వెడల్పు. చుట్టూ నలుపు తెలుపు ముళ్ళు రాలి ఉంటాయి, కొరికిన ఎముకలూ దొరుకుతాయి. అలుగు (ఒంటినిండా పొలుసులుండే జంతువు) లోపలికి పోయాక మట్టితో మూతి పూడ్చుకుంటుంది. ఉడుము అడుగుల మధ్య తోక ఈడ్చిన గీత కనిపిస్తుంది.

ఖాయం చేసుకోవాలంటే పొద్దుగూకే ముందు మూడు మూతుల ముందూ జల్లించిన సన్నమట్టి వేలి మందాన, రెండడుగుల మేర పరచండి. అడ్డంగా రెండు ఎండుపుల్లలు గుచ్చండి. మూడింటికీ ఒకేసారి చేయాలి, లేదంటే జంతువు వేరే దారిన పోతుంది, మీరు ఖాళీ అనుకుంటారు. మర్నాడు పొద్దున గాలి లేవకముందే చూడండి. నాలుగు వేళ్ళు, గోళ్ళతో కుక్కపిల్ల అడుగులాంటివి పడితే గుంటనక్కే. పెంటలో రేగుగింజలు, పురుగుల రెక్కలు కనబడతాయి. చెయ్యి లోపల పెట్టకండి, పాములూ తేళ్ళూ అలాంటి చోట్లే చేరతాయి.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు ఈనే కాలం, సాధారణంగా రెండు నుంచి నాలుగు పిల్లలు. పొగబెడితే అవి లోపలే చస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం కూడా. కాస్త అలికిడైనా తల్లి పిల్లల్ని ఇంకో బొరియకు మార్చేస్తుంది కనుక కుక్కల్ని అటు వదలకండి. ఎలుకల్నీ చెదపురుగుల్నీ తినే జంతువు మీ చేనికి కాపలాయే.

గెనిమ బాగుచేసుకోవాల్సిందే అంటే వానలు మొదలై పిల్లలు వెళ్ళిపోయేదాకా ఆగండి. నాలుగు రాత్రులు వరసగా పుల్లలు కదలకపోతేనే తవ్వండి. మూతి మాత్రం మూసేస్తే లోపల బోలుగా ఉండిపోయి మొదటి పెద్దవానకే గెనిమ కుంగుతుంది. గది దాకా తవ్వి, జానెడు జానెడు మందాన మట్టి పోసి, నీళ్ళు చల్లి దిమ్మిస చేయండి. పైన రాళ్ళు పేర్చండి, మెత్తటి మట్టి కనబడితే పందికొక్కు మళ్ళీ తవ్వుతుంది.

ప్రశ్న: యూరప్‌లో గుంపుగా బొరియల్లో ఉండే బ్యాడ్జర్ మన దగ్గర ఉందా? (ఒక పాఠకురాలు, కడప)

జవాబు: ఆ జాతి లేదు. మనకున్నది హనీ బ్యాడ్జర్. వీపు తెల్లగా, పొట్ట నల్లగా ఉంటుంది. ముంగాళ్ళ పొడుగాటి గోళ్ళతో గట్టినేలనూ తవ్వేస్తుంది. ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది.