నర్మద ఒడ్డున చేయి చాపడం నేర్చుకో

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నర్మదా పరిక్రమకు, అంటే నది చుట్టూ ప్రదక్షిణకు, కాలినడకన వెళ్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి, ఎలాగైనా ఆపమని మీ నాన్న నాకు రోజూ ఫోను చేస్తున్నాడు. నేను ఆపను. 2024 పుష్కరాలకు ఓంకారేశ్వరంలో మునిగి వచ్చినప్పుడే ఆ నది నిన్ను పట్టుకుందని నాకు అర్థమైంది. అయితే, "ఉన్నదానికి సంతోషించే మనసు పోయింది పెదనాన్నా, అక్కడైనా దొరుకుతుందేమో" అన్నావు చూడు, ఆ మాట మీదే ఈ ఉత్తరం.

కొండలూ సూర్యోదయాలూ చూస్తే కృతజ్ఞత పుడుతుందని వెళ్లకు. అవి మొదటి వారం బాగుంటాయి. తర్వాత అరికాళ్ల బొబ్బలే లోకమవుతాయి. ఆ దారిలో కృతజ్ఞత పుట్టేది ముక్కూమొహం తెలియనివాళ్లు పెట్టిన అన్నం తిన్నప్పుడు. నువ్వు ఇన్నాళ్లూ ప్రతిదీ డబ్బిచ్చి తీసుకున్నావు. వెల కట్టేశాం కనుక ఎవరికీ రుణపడలేదనుకోవడం మనకు అలవాటైపోయింది. నర్మద ఒడ్డున ఆ లెక్క సాగదు. అమరకంటకం నుంచి సముద్రం దాకా నది 1,312 కిలోమీటర్లు. దాన్ని ఎక్కడా దాటకుండా, ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంచుకుని రెండు ఒడ్డులూ నడవాలంటే 2,600 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం నీ సంచి నిన్ను పోషించదు, ఊళ్లు పోషించాలి.

కాబట్టి ముందు తీసుకోవడం నేర్చుకో. ఏ ఇంటి ముందైనా "నర్మదే హర్" అని వినబడితే ఆగి, అదే మాట బదులు చెప్పు. లోపలికి పిలిచి టీ ఇస్తారు. మొహమాటపడి వద్దనకు. అప్పటికే తాగి ఉంటే అర గ్లాసు అడుగు, కాసేపు కూర్చో. గ్లాసు కింద నోటు పెట్టి రావద్దు, ఆ ఇల్లాలి మనసు నొచ్చుకుంటుంది. ఇవ్వాలని అంతగా అనిపిస్తే ఆశ్రమం హుండీలో వేయి. ఇళ్లలో మాత్రం తిన్న కంచం కడుగు, కూరలు తరుగు, పడుకున్న చోటు ఊడ్చి కదులు. కొన్నిచోట్ల వండిన భోజనం ఉండదు. సదావ్రతం పేరుతో పిండి, పప్పు, బియ్యం ఇస్తారు, మనమే వండుకోవాలి. ఆ పూటకు సరిపడానే తీసుకో. నీ వెనక వచ్చేవాళ్లకూ అందాలి కదా.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. పాత పరిక్రమ దారి చాలాచోట్ల ఈరోజు నీటి అడుగున ఉంది. ఇందిరా సాగర్ డ్యాం కోసం 2004లో హర్సూద్ అనే ఊరిని ఖాళీ చేయించారు. సర్దార్ సరోవర్ డ్యాం వెనక ఎన్నో పల్లెలు మునిగాయి. శూల్పాణి ఝాడీ అనే అడవి కొండల్లో భిల్లు గిరిజనులు ఒకప్పుడు యాత్రికులను ఒంటిమీది బట్టలతో సహా దోచుకునేవారని పాతవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు ఆ కొండల్లోనే వాళ్లు పిలిచి రొట్టె పెడతారు. ఆ నది వల్లే పొలం పోయినవాళ్లు, ఆ నది పేరు చెప్పుకుని వచ్చిన నీకు అన్నం పెడతారు. అప్పుడు "వీళ్లతో పోలిస్తే నేనెంత అదృష్టవంతురాలిని" అనుకోకు. అది వాళ్ల లేమిని చూసి తృప్తిపడటం. మునిగిన ఊరి పేరేమిటో, అక్కడ ఏం పండించేవారో అడుగు. వాళ్లు చెబుతున్నంతసేపూ ఫోను సంచిలోనే ఉండనీ.

ఆశ్రమాల ముద్రలు వేయించుకోవడానికి ఒక నోటుపుస్తకం ఉంటుంది. దాని చివరి పేజీల్లో ఏ ఊరిలో ఎవరు ఏం పెట్టారో ఆ రాత్రే రాసుకో. మర్నాటికి పేర్లు కలిసిపోతాయి. రాయబుద్ధి కాని రోజులూ ఉంటాయి. నది సముద్రంలో కలిసే చోట, విమలేశ్వరం దగ్గర, అవతలి ఒడ్డుకు పడవలోనే వెళ్లాలి; ఆటుపోట్లు చూసుకుని గానీ అది కదలదు, ఎదురుచూస్తూ కూర్చుంటే ఒళ్లు మండుతుంది. అలాంటి రోజు కృతజ్ఞత తెచ్చిపెట్టుకోకు. బట్టలు ఉతుక్కో, పెట్టింది తిని పడుకో.

ఒక్క హెచ్చరిక. అన్నం పెట్టారు కదా అని మనసుకు నచ్చని చోట రాత్రి ఉండిపోవలసిన పని లేదు. "నర్మదే హర్" అని దండం పెట్టి లేచిరా. చీకటి పడకముందే బస చూసుకో, ఆడవాళ్లున్న గుంపుకు దగ్గరగా పడుకో.

చాతుర్మాస్యం ముగిసి, కార్తిక శుద్ధ ఏకాదశి వెళ్లాక జనం బయలుదేరతారు. ఈలోగా సంచి భుజాన వేసుకుని రోజూ నడువు. ఇంట్లో కూర్చుని ఎదుటివాళ్లు వడ్డించింది మారు అడగకుండా తినడం కూడా సాధన చెయ్యి. హిందీలో వంటింటి మాటలు కొన్ని నేర్చుకో. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న